డెల్టాలో ప్రార్థన కూడికల వెంట

సంక్రాంతి అయిపోయి దాళ్వా నాట్లు పడుతున్న రోజుల్లో నేనూ మా వదినా గోదావరి డెల్టా తిరిగొచ్చాం. ఇంటికొచ్చిన మర్నాడే రాయడానికి కూర్చున్నాను, ఆలస్యమైతే ముఖాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయని.

ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. సికింద్రాబాద్‌లో మా సంఘానికి ఒక మిషన్ కమిటీ ఉంది, వదినా నేనూ అందులో ఉన్నాం. వేసవిలో సువార్త టీమ్‌ని ఏ ఊరికి పంపాలి, వ్యాన్ అద్దె ఎంత, సౌండ్ బాక్సులు మనవా అద్దెవా, కరపత్రాలు ఎన్ని వేల కాపీలు అనే లెక్కలతో మీటింగ్ గంటన్నర నడుస్తుంది. లేచేముందు ఎవరో ఒకరు చిన్న ప్రార్థన చేస్తారు. ఈ వరస నాకు చాలాకాలంగా గుచ్చుకుంటోంది. బైబిల్లో అపొస్తలుల కార్యాలు 13వ అధ్యాయంలో అంతియొకయ సంఘంవాళ్లు మిషనరీలని పంపుదామని సమావేశం పెట్టుకోలేదు. వాళ్లు ఉపవాసముండి ప్రభువుని ఆరాధిస్తున్నారు, బర్నబానీ సౌలునీ పంపమన్న మాట ఆ ఆరాధన మధ్యలోనే వచ్చింది. మన దగ్గర ఇది తలకిందులైపోయిందని నా బాధ. వదిన పుట్టిల్లు రాజోలు వైపు. "మా వైపు ఈ పని ఎలా మొదలైందో, ఇప్పుడెలా నడుస్తోందో చూసొద్దాం పద అమ్మాయ్, ఊరికే బాధపడితే ఏమొస్తుంది" అంది. అలా బయల్దేరాం.

గురువారం: రాజమండ్రి, ధవళేశ్వరం

పొద్దున్నే దేవీచౌక్ దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లప్పచ్చడి ఘాటుగా ఉంది, ఉప్మా అట్టు లోపల మడిచిపెట్టారు, ఇద్దరికీ కాఫీలతో కలిపి నూట అరవై. హోటల్లో బల్లలు తుడిచే పెద్దాయన వదిన చేతిలో బైబిల్ చూసి "ఏ సంఘం అండి?" అని అడిగాడు. చెప్పగానే తనది ఏ సంఘమో, కూతురు ఎక్కడ నర్సు చదువుతోందో, ఆమె పరీక్షల కోసం ఏమని ప్రార్థన చేయాలో అన్నీ ఆ బల్ల తుడిచేలోపే చెప్పేశాడు. గోదావరి జిల్లాల్లో ఇదొక మర్యాద, ప్రార్థన చేయమని అడగడానికి ఎవరూ మొహమాటపడరు.

లూథర్‌గిరి వైపు వెళ్లాం. ప్రొటెస్టెంట్లలో ఒక శాఖైన లూథరన్ల పనిని ఇక్కడ 1840ల్లో జర్మన్ మిషనరీలు మొదలుపెట్టారు, తర్వాత అది అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది, 1927లో ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్‌గా ఏర్పడింది. వదినకి తెలిసిన రిటైరైన వేదాంత ఉపాధ్యాయుడు ఒకాయన మమ్మల్ని వాళ్లింటి వరండాలో కూర్చోబెట్టి, అరటికాయ బజ్జీలు పెట్టించి, రెండు గంటలు మాట్లాడారు. మా కమిటీ సంగతి విని ఆయన ముందు జర్మనీ కథ చెప్పారు. 1727లో హెర్న్‌హట్ అనే ఊళ్లో మొరేవియన్లనే క్రైస్తవ శాఖవాళ్లు గంటల వారీగా వంతులు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆ వంతు దాదాపు వందేళ్లు తెగలేదట. మొదలైన ఐదేళ్లకే, 1732లో, లియొనార్డ్ డోబర్ అనే కుమ్మరీ డేవిడ్ నిచ్‌మన్ అనే వడ్రంగీ కరీబియన్ దీవుల్లోని బానిసల దగ్గరికి బయల్దేరారు. "కుమ్మరి, వడ్రంగి. చూశావా అమ్మా? మీ కమిటీ ముందు నిలబడితే వాళ్లకి అర్హత ఉందని అంటారా?" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. ఆయనకీ జవాబు అక్కర్లేదనుకుంటాను, బజ్జీల పళ్లెం మా వైపు జరిపి మళ్లీ అందుకున్నారు.

తర్వాత ఇంగ్లిష్ మిషనరీ విలియం కేరీ సంగతికి వచ్చారు. ఆయన గురించి మనకి తెలిసిందల్లా 1792లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ పెట్టడం, ఇండియాకి రావడం. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1784లో, కేరీ వాళ్ల నార్తాంప్టన్‌షైర్ ప్రాంతంలోని బాప్టిస్టు సంఘాలు నెలకొకసారి సోమవారం సాయంత్రం కూడి, సువార్త లోకమంతా వ్యాపించాలని ప్రార్థించడం మొదలుపెట్టాయి. కేరీ కూడా చెప్పులు కుట్టినవాడే. "సొసైటీకి తేదీ ఉంది కాబట్టి పుస్తకంలో పెద్దక్షరాల్లో రాస్తారు. సోమవారం సాయంత్రాలకి తేదీలు ఎవరు రాస్తారమ్మా" అన్నారాయన. ఆ మాట నాకు బాగా పట్టుకుంది.

అదే వరండాలో దేవదాసు అయ్యగారి ప్రస్తావనా వచ్చింది. ముంగమూరి దేవదాసు గారు ముందు లూథరన్ సంఘంలో ఉండి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను మొదలుపెట్టారు. విదేశీ మిషనేదీ వెనక లేకుండా మన నేల మీదే పుట్టిన సంఘం. అక్కడ సన్నిధి కూటాలని ఉంటాయి, అందరూ చేరి దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉండటం. మాట్లాడి మాట్లాడి అలిసిపోయే మా సిటీ ప్రార్థనలకి ఆ కనిపెట్టడం అలవాటు కావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఉపాధ్యాయులవారికి వాళ్లతో కొన్ని సిద్ధాంత విషయాల్లో తేడాలున్నాయి, అవి కూడా దాచకుండా చెప్పారు. అయినా "ప్రార్థన విషయంలో మాత్రం ఆయన మా అందరికీ బాకీ పెట్టి వెళ్లాడమ్మా" అన్నారు.

మధ్యాహ్నం ఎండలో ఆటోలో ధవళేశ్వరం. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, పాత పనిముట్లు చూశాం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఇది, ఇప్పుడు మనం చూస్తున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. ఈ డెల్టాలో కాటన్ దొర బొమ్మ లేని ఊరు వెతకాలి, గోదావరి ఒడ్డున సంకల్పం చెప్పుకునే పంతుళ్లు కూడా ఆయన్ని తలుచుకుంటారు. ఆర్థర్ కాటన్ భక్తిగల క్రైస్తవుడు. ఆ ఆనకట్ట పనికి వేల మంది కూలీలు వచ్చి పడితే, వాళ్ల మధ్య తిరిగి సువార్త చెప్పినవాడు విలియం బౌడెన్. ఆయన కథ నరసాపురంలో చెబుతాను. బ్యారేజీ మీద నిలబడితే అవతల విజ్జేశ్వరం వైపు మసకమసకగా కనిపించింది. కింద చేపలు పట్టేవాళ్లు. తిరిగొస్తూ రోజ్ మిల్క్ తాగాం, గ్లాసు ముప్పై.

శుక్రవారం: పాలకొల్లు దాటాక ఒక ఊరు

ఊరి పేరు రాయను, వాళ్లు వద్దన్నారు. పాలకొల్లు నుంచి ఆటో మాట్లాడుకున్నాం, పోనూ రానూ ఏడొందలు. లాకులు దాటాక ఎడమకి తిరగాలని చెబితే డ్రైవరు అబ్బాయి ఒక లాకు ముందే తిరిగాడు. కాలవ గట్టు సన్నగా ఉంది, ఒక పక్క నిండుగా నీళ్లు, ఇంకో పక్క రొయ్యల చెరువులు, ఏరేటర్లు చప్పుడు చేస్తున్నాయి. వెనక్కి తిప్పడానికి చోటు లేదు. గట్టు మీద గడ్డి కోస్తున్న ఆవిడ మమ్మల్ని చూసి "ఉపవాస కూటానికా? ఆయ్, ఇటు కాదండి, ఇలాగే పోయి చింతచెట్టు దగ్గర తిరిగితే వెనక నుంచి వచ్చేస్తారు" అంది. మేం ఏమీ చెప్పకుండానే ఎలా కనిపెట్టిందో. "శుక్రవారం పూట ఇద్దరాడవాళ్లు సంచుల్లో పుస్తకాలేసుకుని వస్తే ఇంకెక్కడికి వెళ్తారండి" అంది. ఆవిడ క్రైస్తవురాలు కాదు. కానీ ఆ కూటంలో తన పేరు చదువుతారని తర్వాత తెలిసింది.

పేటలో మందిరం చిన్నది, రేకుల కప్పు, బయట చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. లోపల చాపల మీద పాతికమందికి పైనే ఆడవాళ్లు, అందరూ తలమీద కొంగులు కప్పుకున్నారు. పొద్దున్నించీ ఎవరూ ఏమీ తినలేదు. ఆ రోజు పాస్టర్ గారు లేరు, కూటం నడిపింది డెబ్బై దాటిన ఒక మామ్మగారు, నాట్లేసిన చేతులు. మొదటి గంట ఎవరికీ ఏమీ అడగడానికి వీల్లేదు. స్తుతి మాత్రమే. ఒక చిన్న వయసావిడ కన్నీళ్లతో తన భర్త తాగుడు సంగతి ఎత్తబోతే, మామ్మగారు ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఉండమ్మా, ముందు ఆయన ఎవరో చెప్పుకుందాం, తర్వాత మనకేం కావాలో చెప్పుకుందాం" అంది. కసిరినట్టు లేదు, పక్కన కూర్చోబెట్టుకున్నట్టు ఉంది. తర్వాత వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి మాట్లాడిన తీరే మారిపోయింది, గొంతు నిలకడగా ఉంది.

ఆ తర్వాత నోట్‌బుక్ బయటికి తీశారు. దాన్ని నేను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పిల్లలు స్కూల్లో వాడే లాంగ్ నోట్‌బుక్, అట్ట చిరిగితే పాత క్యాలెండర్ కాగితంతో కట్టారు, కుట్టు దగ్గర లేసు దారం. లోపల పెన్సిల్ రాత. పేర్లు కూడా పూర్తిగా లేవు, ఊళ్లో అందరికీ అర్థమయ్యేట్టు రాసుకున్నారు. లాకుల టీకొట్టు ఆయన, మోకాలు. పెద్దచెరువు రాజుగారు, రొయ్యలకి వైట్ స్పాట్. మెరక వీధి కోడలు, మూడోసారి గర్భం నిలవాలి. మస్కట్ చిన్నమ్మాయి, జీతం రావాలి. గడ్డి కోసే ఆవిడ, కంటి ఆపరేషన్. చాలా పేర్లు క్రైస్తవులవి కావు. అడక్కుండా ఎవరి పేరూ రాయరట. "అమ్మా, మీ పేరు చెప్పుకోమంటారా" అని ఇంటికెళ్లి అడుగుతారు, వద్దంటే నవ్వేసి వచ్చేస్తారు. ఒకామె చదువుతుంది, ఒక్కో పేరుకి ఒకరు చెయ్యెత్తుతారు, వాళ్లే ఆ పేరు కోసం ప్రార్థన చేస్తారు.

అసలు విషయం ఇక్కడుంది. చెయ్యెత్తి ప్రార్థన చేసినవాళ్లు వచ్చే శుక్రవారం లోపు ఆ గడప తొక్కి రావాలి. అదీ కట్టుబాటు. బోధ చేయడానికి వెళ్లరు, ఎలా ఉన్నారో కనుక్కోవడానికి వెళ్తారు. మోకాలు నొప్పి ఆయనకి పాలకొల్లు డాక్టరు దగ్గరికి తోడు వెళ్లినవాళ్లున్నారు, గర్భిణీ కోడలికి ఇంటి పని చేసిపెట్టినవాళ్లున్నారు. మేం వేలల్లో పంచే కరపత్రాలు ఏ ఇంటి గడపా ఇన్నిసార్లు తొక్కి ఉండవు. ప్రార్థన చేస్తే పని తగ్గుతుందని కొందరు అంటుంటారు కదా, పని మానేసి ప్రార్థనలేమిటని. ఇక్కడ ఒక్కో ప్రార్థనా ఒక్కో పని తెచ్చిపెడుతోంది. దేవుని ముందు ఒక మనిషి పేరు పలికాక ఆ మనిషిని రోడ్డు మీద చూసి తల తిప్పుకుని పోవడం కుదరదు మరి.

సాయంత్రం నాలుగున్నరకి ఉపవాసం విడిచారు. ముందు మజ్జిగ, తర్వాత వేడన్నం, ముద్దపప్పు, వంకాయ కొత్తిమీర కారం. డబ్బులిస్తామంటే ఒప్పుకోలేదు. "కానుక పెట్టెలో వేసుకోండి, మాకివ్వకండి" అన్నారు. వేశాం.

శనివారం: నరసాపురం, పంటు, రాజోలు

నరసాపురంలో పొద్దున ఇడ్లీలు తిని, గోదావరి గట్టు పట్టుకుని నడిచాం. ఇక్కడికే వచ్చారు బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లిష్‌వాళ్లు. డెవన్ జిల్లాలోని బార్న్‌స్టేపుల్ నుంచి 1836లో భార్యలతో సహా బయల్దేరారు. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రీ, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లని వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పళ్ల డాక్టరు. జీతమిచ్చే సొసైటీ ఏదీ వీళ్ల వెనక లేదు. అవసరం దేవునికే చెప్పుకోవాలి, మనుషుల దగ్గర చందా అడగకూడదు అనేది గ్రోవ్స్ పట్టుకున్న పద్ధతి. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని అదే పద్ధతిలో పెంచిన జార్జి ముల్లర్ ఆయనకి బావమరిది వరస, చెల్లెలి భర్త. ముల్లర్ మొదటి అనాథాశ్రమం తెరిచిందీ 1836లోనే. గోదావరి డెల్టా మిషన్ అని ఇప్పటికీ పిలుచుకునే పని అలా మొదలైంది. సంఘాలు, బడులు, ఆసుపత్రి అన్నీ దాని మీదే పెరిగాయి.

అక్కడ ఆ పనిలోంచే పెరిగిన బ్రదరెన్ సంఘంలో ఒక పెద్దాయన్ని కలిశాం. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది, మర్నాటి రొట్టె విరిచే కూడికకి. వాళ్లలో ఆదివారం ఆరాధనకి ముందే రాసిపెట్టిన క్రమం ఉండదు. సహోదరులు ఒక్కొక్కరు లేచి స్తుతి చెల్లిస్తారు, ఎవరో ఒక కీర్తన ఎత్తుకుంటారు. మాది లిటర్జీ, అంటే రాసిపెట్టిన ఆరాధన క్రమం, ఉన్న సంఘం, నాకు క్రమం అంటే ఇష్టం, నోటికొచ్చిన ఆ పాత మాటలు కష్టకాలంలో నన్ను నిలబెట్టాయి కూడా. కాబట్టి రెండు గంటలు వాదించుకున్నాం, చాలా మర్యాదగా. ఆయన అన్న ఒక్క మాట మాత్రం రాసుకోవాలి. "అమ్మా, ఆరాధన మిషన్‌కి తయారీ అని మీరంటున్నారు. నేనేమంటానంటే, మిషన్ పని ఒకనాటికి అయిపోతుంది. ఆరాధన అయిపోదు. అయిపోయేదాని కోసం అయిపోనిదాన్ని వాడుకోవడం ఏంటి?" ఆ తర్వాత వదినకీ నాకూ దారంతా ఇదే చర్చ. ఆయన చెప్పింది నిజమేనని నాకనిపిస్తోంది. ఎవరైనా ప్రభువుని తెలుసుకోవాలని మనం కోరుకునేది చివరికి వాళ్లు కూడా ఆయన్ని ఆరాధించే ఆనందంలోకి రావాలనే కదా. ఆ ఆనందం మనకే లేనప్పుడు వాళ్లకేం పంచుతాం?

నరసాపురం వీధుల్లో అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపిస్తారు. మిషనరీ కుటుంబాల నుంచి వచ్చిన విద్య అని ఇక్కడ ప్రతివాళ్లూ చెబుతారు. ఒకావిడ బల్ల మీద వేసే గుండ్రటి గుడ్డ అల్లుతోంది. వదిన బేరమాడకుండా మూడొందల యాభై ఇచ్చి కొంది. అల్లే రేటు ఎంతని అడిగితే ఆవిడ చెప్పిన అంకె విని మాకు నోట మాట రాలేదు, రోజంతా కూర్చున్నా వంద దాటదు. మధ్యలో చేతులు చాలా మారుతుందట సరుకు. ఈ విషయం మీద సంఘాలన్నీ మోకాళ్లూనాలి, ఊనాక లేచి లెక్కలు కూడా అడగాలి.

మధ్యాహ్నం పంటు (బల్లకట్టు) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటాం. మనిషికి ఇరవై. బైకులు, ఒక కారు, కొబ్బరి బోండాల ఆటో, పెళ్లివాళ్ల గుంపు, అన్నీ ఒకే పంటు మీద. అవతలి గట్టు సఖినేటిపల్లి. అక్కణ్నుంచి వదిన వాళ్ల అన్నయ్య కారులో తీసుకెళ్లాడు. రాత్రి భోజనంలో బొమ్మిడాయిల పులుసు, మామిడల్లం పచ్చడి. వదిన వాళ్లమ్మగారు "ఊరికే చూస్తావేంటమ్మా, మళ్లీ వేసుకో" అంటూ వదల్లేదు.

భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన. ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టారు, కువైట్ నుంచి వదిన మేనకోడలు వీడియోలో. అక్కడ ఇంటిపని చేస్తుంది. కోనసీమలో ఇలా గల్ఫ్‌కి వెళ్లిన ఆడవాళ్లు లేని వీధి అరుదు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి తెలుగువాళ్ల ఆరాధన శుక్రవారమే. సెలవు ఇచ్చే ఇల్లు దొరికితేనే వెళ్లడం, లేదంటే వంటగదిలో పాత్రలు తోముకుంటూ ఫోన్‌లో వినడం. ఆమె తను పనిచేసే ఇంట్లోని ముసలావిడ పేరు చెప్పి, ఆవిడకి నిద్ర పట్టడంలేదు, ప్రార్థన చేయండి అంది. ఇక్కడ రాజోలు దగ్గర నడవాలో చాప మీద కూర్చుని, కళ్లు సరిగా కనిపించని వదిన వాళ్లమ్మగారు ఆ ముసలావిడ కోసం ప్రార్థన చేశారు. ఈ అమ్మాయిని ఎవరూ మిషనరీగా పంపలేదు, పాస్‌పోర్టు మీద ఉన్నది ఇంటిపని వీసా. ఆమె పేరు మా కమిటీ పట్టికలో ఎందుకు లేదు అని నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

ఆదివారం: రాజోలు దగ్గర

మందిరం గంట అంటే రైలు పట్టా ముక్క. కొబ్బరిచెట్టుకి వేలాడదీసి ఇనప కడ్డీతో కొడతారు, మొదటి గంట ఎనిమిదిన్నరకి, రెండోది తొమ్మిదికి. ఈ పేటలో వాళ్ల తాతల రోజుల్లో వాళ్లకి ఊరి గుడిలో అడుగు పెట్టే వీలు లేదు. తమ చేతులతో కట్టుకున్న మందిరంలో, ముందు వరసలో కూర్చుని, తమ గొంతుతో దేవుణ్ని కీర్తించడం అనేది వాళ్లకి ఎంత పెద్ద సువార్తో మనం ఊహించలేం. ముందు బోధ, తర్వాత ఆరాధన అనుకుంటాం. ఇక్కడ పెద్దలు చెప్పేదాని ప్రకారం చాలా ఇళ్లు పాటకే వచ్చాయి. రాత్రిపూట హార్మోనియం, తాళాలు వినిపిస్తే పొలం పని ముగించుకుని వచ్చి బయట నిలబడేవారట, తర్వాత గడప దగ్గర, ఆ తర్వాత చాప మీద.

పాట అంటే మన రాగం, మన తాళం. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 వరకూ జీవించారు, ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ పుస్తకం చూడకుండా పాడతారు. ఇంగ్లిష్ వరసల్లోకి తెలుగు మాటలు ఇరికించిన పాటలు ఉన్నాయి, వాటినీ నేను ప్రేమగా పాడతాను. కానీ చదువు రాని మామ్మ ఎనిమిది చరణాలు తడుముకోకుండా పాడుతుంటే విన్నాను, అది ఆవిడకి వేదాంత పాఠశాల. క్రీస్తు ఎవరు, రక్షణ అంటే ఏంటి అని అడిగితే ఆవిడ చరణం అందుకుని జవాబు చెబుతుంది.

కానుకల దగ్గర డబ్బుతో పాటు సొరకాయ, అరటిగెల, కోడిపెట్ట, పిడికెడు బియ్యం డబ్బాలు కూడా వచ్చాయి. రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేస్తారు, ఆదివారం తెచ్చి గోనెసంచిలో పోస్తారు. ఆరాధనయ్యాక వేలం. సొరకాయ మూడొందల ఇరవైకి పోయింది, కోడిపెట్టని దాన్ని తెచ్చినావిడే ఎక్కువ పాట పాడి వెనక్కి పట్టుకెళ్లింది. ఈ డబ్బులతో మారేడుమిల్లి వైపు ఏజెన్సీలో ఒక సేవకుడి కుటుంబాన్ని చూసుకుంటున్నారు. పిడికిలి బియ్యం తీసేటప్పుడు ఆ కుటుంబం కోసం ఒక్క మాట ప్రార్థన చేయాలని చిన్నపిల్లలకి కూడా నేర్పారు. వదిన వాళ్లింట్లో ఐదేళ్ల పిల్ల బియ్యం డబ్బా మూత తీసి ఆ సేవకుడి పిల్లల పేర్లు చెప్పింది, ముగ్గురివీ. మా సంఘం నాలుగేళ్లుగా ఒక కుటుంబానికి డబ్బు పంపుతోంది, వాళ్ల పిల్లల పేర్లు మా కమిటీలో ఒక్కరికీ తెలియవు.

ప్రేమ విందులో కోడికూర, సాంబారు, చక్రపొంగలి. పేటలోవాళ్లూ, ఊళ్లోంచి వచ్చిన ఒకరిద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారు. అన్నిచోట్లా ఇలా జరుగుతోందని నేననను. డెల్టాలో సంఘాలు కూడా కులాల వారీగా పేటకొకటి ఉన్నాయి, ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు పెళ్లి మాట వస్తే విడిపోతారు. దీని మీద ఉపవాసాలు ఎక్కడా కనిపించలేదు నాకు. ఉండాలి.

సోమవారం: అంబాజీపేట, కాకినాడ

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద వండుతారు, ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది, కొబ్బరి పచ్చడితో నాలుగు తిన్నాను. చుట్టూ కొబ్బరికాయల లారీలు.

కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో మొదలైందని అందరూ చెబుతారు. అంతకుముందే అక్కడ థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలేసి సువార్త పని మొదలుపెట్టాడు. కెనడా వాళ్లు వచ్చి అందుకున్నది ఆయన పనిని. చర్చి ఆవరణలో కూర్చున్నప్పుడు నేను ఒంగోలు ప్రార్థన కొండ సంగతి ఎత్తాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఆ కొండెక్కి ప్రార్థించారు, 1878 జూలై 3న, వాళ్ల తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర కాలంలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది ప్రతి మిషన్ సభలోనూ చెబుతాం.

"మధ్యలో కరువు సంగతి కూడా చెప్పాలి" అంది వదిన. నిజమే. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. సహాయం కోసం చేరారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు కూడా. కొండ మీద ప్రార్థనా, కాలవలో పారా, రెండూ ఆ కథలోనివే. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని వదిలేస్తే ప్రార్థన మంత్రమైపోతుంది, లేదా సువార్త ఉత్త సంక్షేమ పథకమైపోతుంది.

కాజాలు కొనుక్కుని, రైలు ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదే కమిటీకి ఏం చెప్పాలో రాసుకున్నాం. మా ఇద్దరికీ ఒక విషయంలో కుదరలేదు. మీటింగులో మొదటి గంట స్తుతీ ప్రార్థనా, లెక్కలు తర్వాత అని నేను. అది చాలదంది వదిన. "వేసవిలో మన టీమ్‌ని ఆ ఊరు పంపడం ఎందుకు? వాళ్లకి మనం నేర్పేదేముంది? ఆ శుక్రవారం కూటం వాళ్లనే మన దగ్గరికి పిలుద్దాం. మన అపార్ట్‌మెంట్లలో పక్క తలుపు వాళ్ల పేరు ఎలా అడగాలో వాళ్లు నేర్పుతారు." వ్యాన్ అద్దె డబ్బులతో ఐదుగురికి రానూపోనూ స్లీపర్ టికెట్లు వస్తాయని లెక్కేసి చూపించింది కూడా.

నిన్న మామ్మగారికి ఫోన్ చేసి అడిగాం. ఆవిడ పక్కవాళ్లతో మాట్లాడి మళ్లీ చేశారు. నాట్లూ కలుపులూ అయ్యాక వస్తారట, కానీ ఆదివారం దిగి గురువారం రాత్రికల్లా ఊరు చేరేట్టు టికెట్లు చేయించమన్నారు, శుక్రవారం పేర్లు చదవాలి కదమ్మా అన్నారు.